డ్రాయింగులో లేని వాల్వ్

నాకు ముప్పై మూడేళ్లు. రిటైరయ్యానంటే మా ఆయనే నవ్వుతాడు. కానీ చక్కెర ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరుగా తొమ్మిది సీజన్లు పనిచేసి, పాప పుట్టాక మానేసి, మళ్లీ వెళ్లే ఆలోచన లేనప్పుడు దాన్ని ఇంకేమనాలో నాకు తెలీదు. నా సీట్లోకి వచ్చిన హారిక పోయిన నెల ఫోన్ చేసింది. "అక్కా, మీ నోట్సు ఏమైనా ఉంటే ఇవ్వరా? ఇక్కడెవరూ ఏమీ చెప్పరు. అడిగితే నవ్వుతారు" అంది.

నోట్సు ఉన్నాయి. వాటిలో ఉన్నదంతా మాన్యువల్‌లోనూ ఉంది. అందులో లేనిది రాద్దామని కూర్చున్నాను. పాప పడుకున్నాక గంటో గంటన్నరో దొరుకుతుంది. మధ్యలో రెండుసార్లు లేచి దాని ఊపిరి చూసి వస్తాను. మూడేళ్లు నిండబోతున్న పిల్ల ఊపిరి చూడక్కర్లేదని నాకూ తెలుసు.

వేడి టీ

మా పని చెప్పుకోవడం కష్టం. ఫ్యాక్టరీకి ఒక పక్క చెరకు లోపలికి వెళుతుంది, ఇంకో పక్క చక్కెర బయటికి వస్తుంది. మధ్యలో రసం, సున్నం, ఆవిరి. ఎక్కడ ఎంత వేడి ఉంది, ఎంత మట్టం ఉంది, ఎంత పులుపు ఉంది అని చూపించే మీటర్లూ, వాటిని బట్టి తెరుచుకుని మూసుకునే వాల్వులూ మావి. అన్నీ బాగున్నంతకాలం మేం ఉన్నట్టు ఎవరికీ గుర్తుండదు. ఏదైనా చెడితే మొదట వచ్చే మాట "మీ మీటరు తప్పు చూపిస్తోంది" అని. సగం సార్లు మీటరు నిజమే చెబుతుంది. వినడం ఇష్టం ఉండదు, అంతే.

నా మొదటి సీజన్లో సున్నం దగ్గర కూర్చోబెట్టారు. చెరకు రసంలోకి సున్నపు పాలు కలుపుతారు. తక్కువైతే రసం విరగదు, ఎక్కువైతే రంగు మారిపోతుంది. సున్నం కలిసే చోటు ఒకటి, దాని ఫలితం చూపించే మీటరు ఉన్నచోటు ఒకటి. మధ్యలో పొడుగాటి పైపు, ఒక ట్యాంకు. ఆ రోజు ఆటోమేటిక్ పనిచేయడం లేదు, చేత్తో నడపాలి. మీటరు కాస్త తగ్గింది. వాల్వు తెరిచాను. మీటరు కదల్లేదు. ఇంకాస్త తెరిచాను. అప్పటికీ కదల్లేదు. మరికాస్త. తర్వాత ఒక్కసారిగా పైకి వెళ్లిపోయింది. గాబరాగా మూశాను. మళ్లీ పడిపోయింది. గంటసేపు రసాన్ని ఊయల ఊపినట్టు ఊపాను.

మా సెక్షన్ ఇన్‌ఛార్జి మూర్తి గారు వెనక ఎప్పుడొచ్చి నిలబడ్డారో నాకు తెలీదు. తిట్టలేదు. కాంటీన్ నుంచి పెద్ద గ్లాసుతో టీ తెప్పించారు.

"ఇదిగోమ్మా, వాల్వు కొంచెం తిప్పు. తిప్పేవా? ఇప్పుడు టీ తాగు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా వాల్వు ముట్టుకోకూడదు."

"సర్, మీటరు పడిపోతోంది."

"పడనీ. నువ్వు తిప్పింది ఇంకా అక్కడికి చేరలేదు."

"వేడిగా ఉంది సర్."

"అందుకే తెప్పించేను. చల్లటిదైతే గుటుక్కున తాగీసి మళ్లీ తిప్పుతావు."

నాలుక కాలుతున్న టీ చప్పరిస్తూ, పడిపోతున్న ముల్లు చూస్తూ కూర్చోవడం లాంటి శిక్ష లేదు. టీ అడుగుకు వచ్చేసరికి ముల్లు నిదానంగా లేచి కావలసిన చోట నిలబడింది. తర్వాత కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ నేనూ ఆ టీ ఇప్పించాను. ఎవరూ సంతోషంగా తాగలేదు.

ఈల

హారికా, ఇది నువ్వు తప్పకుండా చదవాలి. నేను చేసిన పెద్ద తప్పు ఇదే.

నాలుగో సీజన్లో ఆవిరి ఆదా చేయాలని పైనుంచి ఒత్తిడి వచ్చింది. నేను టార్చి పట్టుకుని ప్లాంటంతా తిరిగాను. రసాన్ని మరిగించి చిక్కబరిచే పెద్ద పాత్రలు ఉంటాయి కదా, వాటిలో రెండోదాని పక్కన అరంగుళం పైపు ఒకటి కనిపించింది. దానికి చిన్న వాల్వు, అరవీసం తెరిచి ఉంది. అందులోంచి ఆవిరి సన్నగా ఈల వేస్తూ బయటికి పోతోంది. డ్రాయింగులో వెతికాను. ఆ పైపే లేదు. ఎవరో ఎప్పుడో పెట్టి మర్చిపోయారనుకున్నాను. బిగించి మూసేశాను. అదే రోజు రెండు మీటర్లు సరిచేశాను, ఒక కంట్రోలర్ సెట్టింగు మార్చాను. సాయంత్రం రిపోర్టులో అన్నీ రాశాను, ఈ వాల్వు తప్ప. అంత చిన్నదాన్ని రాయడమేమిటని.

మర్నాటి నుంచి రసం చిక్కబడటం మానేసింది. ఒక్కసారిగా కాదు, రోజురోజుకీ కొంచెం కొంచెం. పల్చటి రసం వస్తే తర్వాత వండేవాళ్లకి ఎక్కువసేపు పడుతుంది. వాళ్లకి ఆలస్యమైతే వెనక క్రషింగ్ తగ్గించాలి. క్రషింగ్ తగ్గితే బయట యార్డులో చెరకు ట్రాక్టర్లు నిలిచిపోతాయి. కె. కోటపాడు వైపు నుంచి వచ్చిన రైతులు ట్రాక్టర్ల కింద తుండు పరుచుకుని పడుకుంటున్నారు. నరికిన చెరకు ఎండలో ఎండుతోంది. గొట్టాల్లో గార కట్టిందని కొందరు, నా మీటర్లు తప్పని కొందరు. నేను ఆ రోజు మార్చినవన్నీ ఒక్కొక్కటీ వెనక్కి పెట్టాను. వాల్వు సంగతి గుర్తు రాలేదు. నాలుగో రోజు గుర్తొచ్చింది. వచ్చాక కూడా నోరు విప్పలేదు.

ఎందుకంటే ఆ పూట మీటింగులో మేనేజరు బల్ల మీద కొట్టి "ఇది ఎవరు చేశారు? నాకు పేరు కావాలి" అన్నాడు. ఏం జరిగిందని అడగలేదు. పేరు అడిగాడు. మేం పదకొండు మందిమి బల్ల వైపు చూశాం. నేనూ చూశాను. ఆ పూటంతా ట్రాక్టర్లు ఎండలోనే ఉన్నాయి.

మర్నాడు అప్పలనాయుడు గారు సెలవు నుంచి తిరిగి వచ్చారు. ఆ పాత్రల దగ్గర ఇరవై ఏళ్లుగా ఉన్న ఆపరేటరు. లోపలికి వస్తూనే ఆగిపోయారు.

"ఈలేదీ?" అన్నారు.

"ఏ ఈల?" అన్నాడు షిఫ్టు కుర్రవాడు.

"మీ చెవులేటి సంతలో అమ్మీసినారేటి. రెండో దాని కాడ ఈల వినపడతాది గదా ఎప్పుడూ. అదాగిపోతే రసమెలా ఉడుకుతాది?"

నేను అక్కడే ఉన్నాను. "నేనే మూశాను నాయుడు గారూ" అన్నాను.

ఆయన నా మొహం ఒకసారి చూశారు. వెళ్లి వాల్వు అరవీసం తిప్పారు. ఈల మొదలైంది. తర్వాత బెంచీ మీద కూర్చోబెట్టి చెప్పారు. "అమ్మా, ఆవిరితో బాటు గాలి కూడా వత్తాది. ఆవిరి నీరైపోతాది, గాలి పోదు. గొట్టాల సుట్టూ దుప్పటి కప్పినట్టు కూకుంటాది. అది బయటికి పోడానికి ఆ సందు. కొంచెం ఆవిరి దండగే. ఆ దండగ లేకపోతే మొత్తం దండగ."

"డ్రాయింగులో లేదండీ."

"డ్రాయింగు గీసినోడు ఇక్కడ ఒక్క షిఫ్టయినా ఉన్నాడేటి?"

సాయంత్రానికి రసం చిక్కబడింది. మేనేజరు దగ్గరికి వెళ్లి నా పేరు నేనే చెప్పాను. ఆయన చాలా అన్నాడు. అవి ఇక్కడ రాయడం అనవసరం. నన్ను బాధపెట్టింది ఆ మాటలు కాదు, నేను నోరు మూసుకున్న ఆ ఒక్క పూట.

నాకు అర్థమైనంతలో చెబుతున్నాను. దండగలా కనిపించేదాన్ని మూసేముందు అది ఎవరికి పనికొస్తోందో అక్కడ పనిచేసేవాళ్లని అడుగు. ఒకేరోజు నాలుగు మార్పులు చేయకు, చేస్తే ఏది చెడగొట్టిందో నీకే తెలీదు. నీ కింద పదిమంది ఉన్న రోజున, ఏదైనా చెడితే పేరు అడగకు.

ఇవన్నీ నాకు క్షుణ్ణంగా తెలుసు. అయినా ఇంట్లో మూడూ చేశాను.

ఇల్లు

మా పాప వెన్నెల ఆలస్యంగా నడిచింది, అంతకన్నా ఆలస్యంగా మాట్లాడింది. రెండున్నరేళ్లకి దానికి పద్నాలుగు మాటలు వచ్చు. నేను కాగితం మీద రాసి ఉంచాను కనుక కచ్చితంగా చెప్పగలను. వినికిడి పరీక్ష చేయించాం, బాగానే ఉంది. విశాఖలో ఒకావిడ పిల్లలకి మాటలు నేర్పిస్తారంటే తీసుకెళ్లాం. ఆవిడ శాంతంగా నాలుగు మంచి మాటలు చెప్పారు. పాపతో ఎక్కువ మాట్లాడండి, ఫోను తగ్గించండి, మూడు నెలలకి మళ్లీ తీసుకురండి, అప్పటికీ ఇలాగే ఉంటే వివరంగా పరీక్షలు చేద్దాం అన్నారు.

ఆ మూడు నెలలు నాకు సీజన్ మొదలైనట్టయింది. ఇంటికి రాగానే షెడ్యూలు గీశాను. సోమవారం నుంచి ఫోను బంద్, టీవీ బంద్. బొమ్మల కార్డులు పొద్దున అరగంట, సాయంత్రం అరగంట. పాప వేలు చూపించగానే మా అత్తయ్య ఏదీ తెచ్చి ఇవ్వకూడదు, మాట వచ్చేదాకా ఆగాలి. ఇంట్లో అందరూ శుభ్రమైన తెలుగులోనే మాట్లాడాలి. ఇంకొకటి, చేపలావిడ రానక్కర్లేదు.

చేపలావిడ పేరు నూకరత్నం. రాంబిల్లి వైపు నుంచి పొద్దున్నే గంప పట్టుకుని అనకాపల్లి వస్తుంది. మా గుమ్మంలో కత్తిపీట వేసుకుని చేపలు కోసి ఇచ్చేది. పాప వెళ్లి ఆ కత్తిపీటకి రెండడుగుల దూరంలో గట్టు మీద కూర్చునేది. నాకు చేపల వాసన కాదు, ఆ కత్తిపీట భయం. ఆవిడ భాష కూడా, అబద్ధం ఎందుకు. "ఇకనుంచి బజార్లో కొనుక్కుంటాం" అని చెప్పాను. సరేనని తల ఊపి గంపెత్తుకుని వెళ్లిపోయింది.

ఒకే సోమవారం ఐదు మార్పులు. మూర్తి గారు చూసి ఉంటే ఐదు గ్లాసుల టీ తెప్పించేవారు.

మూడు వారాలకి పద్నాలుగు మాటలు ఆరయ్యాయి. కార్డు చూపించి "ఇదేమిటి? ఆవు. చెప్పు, ఆవు. ఆ-వు" అంటే పాప కార్డు వైపు కాకుండా నా నోటి వైపు చూసేది. తర్వాత నా నుదురు వైపు. తర్వాత లేచి వెళ్లిపోయేది. నేను ఆపకుండా కార్డులు పెంచాను. మీటరు కదలకపోతే ఇంకాస్త తిప్పినట్టే.

ఒక మధ్యాహ్నం పాప ఒళ్లో ఫోను కనిపించింది. "ఎవరిచ్చారు?" అని అడిగాను. అత్తయ్య పప్పు ఏరుతోంది. "ఎవరిచ్చారని అడుగుతున్నాను" అన్నాను. నా గొంతు నాకే వినిపించింది. ఆ మీటింగు గదిలో విన్న గొంతు అది.

అత్తయ్య చేట పక్కన పెట్టింది.

"నానే ఇచ్చేను. గుంట పొద్దున్నే గుమ్మంలో కూకుంది. లోపలికి రమ్మంటే రాదు. రోజూ ఇదే వరస. తొమ్మిదయ్యిందంటే ఎల్లి కూకుంటాది, పదయ్యాక లేచొచ్చి మూల తొంగుంటాది. నువ్వు కార్డులు కత్తిరించుకుంటన్నావు, నీకు కనపళ్లేదు."

"ఎవరికోసం అత్తయ్యా?"

"నన్నడుగుతావేటి. రావద్దని పంపించీసింది నువ్వే గదా."

వెళ్లి గుమ్మంలో కూర్చున్నాను. నూకరత్నం పాపతో ఏం మాట్లాడేదో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. ఏదో ఒకటి అడిగేది. "ఇదేటే?" "ఇది తింతావేటే?" అడిగి, పొలుసు గీక్కుంటూ ఉండేది. రెండు చేతులూ చేప మీదే కనుక తొందరేమీ లేదు. పాపకి జవాబు దొరికేసరికి ఒక చేప అయిపోయేది. నేను అడిగిన వెంటనే జవాబు కూడా నేనే చెబుతున్నాను.

అదే కారణమని నేను ప్రమాణం చేసి చెప్పలేను. ఐదూ ఒకేరోజు మార్చాను కదా. ఒక్కొక్కటీ వెనక్కి పెట్టి చూడటం ఒక్కటే దారి. మొదట దేన్ని పెట్టాలో మాత్రం పాప చూపిస్తూనే ఉంది.

చేపల బజారు

రెండు రోజులు తిరిగితే దొరికింది. మార్కెట్ పక్క సందులో గోనె పరుచుకుని కూర్చుంది.

"కోడలమ్మా, బజార్లోనే కొంతానన్నావు, ఇన్నాళ్లకి వచ్చేవా?" అంది. కోపం కాదు, ఎగతాళి.

"కొనడానికి కాదు నూకరత్నం. మళ్లీ మా వీధికి రావాలి."

"మీ ఈది ఇడిసీసేను. ఆ టయానికి ఇంకో ఈది కుదిరిపోనాది."

"తప్పు నాదే. పాప నీకోసం రోజూ గుమ్మంలో కూర్చుంటోంది. ఉన్న మాటలు కూడా పోయాయి."

ఆవిడ చేతిలో నెత్తళ్లు గోనె మీద పెట్టింది. "మాటలెక్కడికి పోతాయమ్మా. దాసుకుంటాది. కత్తిపీట కాడికి వత్తందని నీకు బయిం. తల్లికి బయిం లేకపోతే ఎలగ. కానీ ఆ గుంట ఎప్పుడూ దగ్గరికి రాలేదు. నాను గీత గీసీసేను. ఆ గీత దాటితే సేప ఏడుత్తాదని సెప్పేను."

గీత సంగతి నాకు తెలీదు. అన్ని నెలలు మా గుమ్మంలోనే ఉంది.

"పదిన్నరకి వత్తాను, తొమ్మిదికి కుదరదు. ఇంకో మాట. ఏటనుకోకు. నాను వచ్చినప్పుడు నువ్వు గుమ్మంలో ఉండకు."

"ఎందుకు?"

"నువ్వుంటే ఆ పిల్ల మాటాడే ముందు నీ మొగం సూత్తాది. నీ మొగం ఎప్పుడూ పరీచ్చ రాత్తన్నట్టు ఉంటాది."

ఎంతోమంది నాతో ఎన్నో అన్నారు. అంత సూటిగా ఎవరూ అనలేదు. ఇంటికి వచ్చాక అత్తయ్యకి చెబితే "అదే మాట నానంటే ఊరుకుందువా?" అంది. ఊరుకునేదాన్ని కాదు.

తలుపు వెనక

మొదటి వారం ఏమీ జరగలేదు. పాప గట్టు మీద కూర్చుంది, నూకరత్నం అడిగింది, గీకింది, గంపెత్తుకుని వెళ్లింది. నేను తలుపు వెనక నిలబడి చీర చెంగు నోట్లో పెట్టుకున్నాను. రెండో వారం "చేప" అంది. అంతకుముందు వచ్చిన మాటే. మూడో వారం ఎప్పుడూ అనని మాట ఒకటి అంది. అది ఇక్కడ రాయదగ్గది కాదు. నూకరత్నం పిల్లిని తిట్టే మాట. శుభ్రమైన తెలుగు మీద నాకున్న పట్టింపు ఆ రోజుతో సడలింది.

కార్డులు మానేశాను. టీవీ, ఫోను మాత్రం ఇంకా బందే, ఆ రెండూ నిజంగానే తీయాల్సినవి. అత్తయ్య మాత్రం పాప వేలు చూపించగానే ఇచ్చేస్తుంది, ఇస్తూ కబుర్లు చెబుతుంది. నేను ఎవరిచ్చారని అడగడం లేదు. మూడు నెలలకి విశాఖ వెళ్లాం. ఇంకా వెనకబడే ఉందన్నారు, పరీక్షలు తప్పవన్నారు, చేయించాం. వారానికోసారి ఇప్పటికీ వెళుతున్నాం. ఇది గెలిచిన కథ కాదు హారికా. పాప తన వయసు పిల్లలంత మాట్లాడుతుందో లేదో, ఎప్పుడు మాట్లాడుతుందో నాకు తెలీదు. ఆ భయం ఏ కాగితం మీద రాసినా తగ్గదు.

పోయిన శుక్రవారం గంపలో చిన్న వంజరం ఒకటి వచ్చింది. నూకరత్నం తల వంచుకుని పొలుసు గీకుతూ అడిగింది.

"తల ఎవలికే? తోక ఎవలికి?"

గీకుడు చప్పుడు. వీధిలో ఆటో వెళ్లింది. మళ్లీ గీకుడు చప్పుడు.

"తోక నాకు" అంది పాప. ఇంకాసేపటికి, "తల అమ్మకి."

రెండేసి మాటలు పక్కపక్కన పెట్టడం అదే మొదలు. నేను తలుపు గడియ పట్టుకున్నాను.

"మీ యమ్మకి ఇంకో తలెందుకే" అంది నూకరత్నం. "ఉన్నదాంతోనే సచ్చిపోతంది."

వంటింట్లోంచి అత్తయ్య నవ్వు వినిపించింది. నేనింక తలుపు వెనక ఉండలేక బయటికి వచ్చి గట్టు మీద పాప పక్కన కూర్చున్నాను. నూకరత్నం నన్నోసారి చూసి మళ్లీ చేప మీదికి వంగింది.

"మరి మామ్మకేమిటి?" అని అడిగాను.

పాప నా మొహంలోకి చూసింది. నేను చేప వైపు చూస్తూ కూర్చున్నాను. వంజరం రెండు ముక్కలైంది, నాలుగైంది. నీళ్లు పోసి కడగడం కూడా అయింది.

"మామ్మకి ముళ్లు" అంది.

నిజమే. రోజూ దానికి ముళ్లన్నీ తీసి చేప పెట్టి, ఆ ముళ్లు తన కంచంలో వేసుకునేది మామ్మే.